మావయ్య గడ్డి మీద గాటు

ఆగస్టు 18

మావయ్యా,

నమస్కారం. క్షేమంగా చేరాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు. అత్తయ్య నీ చెవిలో అరిచి చెబితే వీధంతా వింటుంది. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు ఆ గడ్డికోత మిషను వెనక నడిచి చెవులు దానికే ధారపోశావు. కావలసినవి మాత్రం నీకు బాగానే వినపడతాయని అత్తయ్య అంటుంది, అది వేరే సంగతి.

ముందు ఇక్కడి ఫుట్‌బాల్ గ్రౌండు గురించి చెప్తాను. లేకపోతే నువ్వు మిగతాదంతా వదిలేసి దానికోసమే వెతుకుతావు. మావయ్యా, ఇలాంటి గడ్డి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మొదటిరోజు దాని మీద బూటు కాలు పెట్టడానికి మనసొప్పలేదు. గీత దగ్గరే నిలబడిపోతే జట్టువాళ్ళు నన్ను తోసుకుని లోపలికి వెళ్ళారు. నేల కింద గొట్టాలున్నాయట. చలికాలంలో మట్టి గడ్డకట్టకుండా వాటిలో వేడినీళ్ళు పంపిస్తారట. ఎండ చాలని రోజుల్లో చక్రాల బండ్ల మీద పెద్ద పెద్ద దీపాలు తోసుకొచ్చి గడ్డి మీద వెలిగిస్తారు. చూసుకోవడానికి నలుగురు మనుషులు. అక్కడ మన క్లబ్బులో నువ్వొక్కడివి, నీకు తోడు ఆ మూలుగుతున్న రోలరు.

నా గది మూడో అంతస్తులో. కిటికీ తీస్తే బస్సుల షెడ్డు. మంచం నాకంటే జానెడు పొట్టి.

మొదటి ప్రాక్టీసులో ఒక ఫార్వర్డు బంతితో నా మీదకొచ్చాడు. నేను పక్కకి తరిమి తరిమి గీత బయటికి పంపేశాను. కోచ్ ఈల వేసి, "కింద పడి జారి బంతి లాక్కోవచ్చు కదా, ఎందుకు జారలేదు?" అని అడిగాడు. "మా మావయ్య తంతాడు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. హాస్యం అనుకున్నారు. పన్నెండేళ్ళప్పుడు నీ గడ్డి మీద కాళ్ళు చాపి ఒక్కసారి జారినందుకు, ఆ గాటు పూడ్చేదాకా నన్ను ఇంటికి పోనివ్వలేదని వాళ్ళకేం తెలుసు? మట్టి, ఇసుక, విత్తనం, నీళ్ళు. మోకాళ్ళ మీద కూర్చుని సాయంత్రం దాకా అద్దాను. ఆ తర్వాత మన క్లబ్బుకి ఆరేళ్ళు డిఫెండరుగా ఆడినా ఒక్కసారి నేల మీద పడలేదు.

అత్తయ్యకి చెప్పు, స్వెట్టరు సరిపోయింది. చేతులే కొంచెం పొడుగు.

నీ అల్లుడు

సెప్టెంబరు 6

ఒరే అల్లుడూ,

వేడినీళ్ళ గొట్టాలా? గడ్డికి దీపాలా? నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. నాకు మోకాలి నొప్పొస్తే వేడినీళ్ళు అడగాలంటే మీ అత్తయ్య మొహం చూసుకోవాలి, అక్కడ గడ్డికి అడక్కుండానే ఇస్తున్నారన్న మాట. ఆ నలుగురూ అదృష్టవంతులు. వాళ్ళు గడ్డి ఎంత ఎత్తు ఉంచుతారో కనుక్కుని రాయి. మరిచిపోవద్దు.

ఇంకో పని. ప్రతి ఆటా అయ్యాక, వాళ్ళు బకెట్లు పట్టుకుని వచ్చి పూడ్చేలోపు, నువ్వు నిలబడిన చోటు ఫోటో తీయి. కాగితం మీద పెద్దగా వేయించి పంపు. ఫోన్‌లో నాకు గడ్డి కూడా బూజులాగే కనబడుతుంది.

నేను ఆట చూడనని నీకు తెలుసు. ఇరవై రెండు మంది నా గడ్డిని కుళ్ళబొడుస్తుంటే చూసే ధైర్యం నాకు లేదు, పంపు గదిలో కూర్చుంటాను. తెల్లారాక బకెట్టుతో వెళ్తే ఆటంతా అక్కడ రాసి ఉంటుంది. ఎవడు అలసిపోయాడో, ఎవడు భయపడి వెనకడుగు వేశాడో, ఎవడు ఎగిరి ఎలా దిగాడో బూటు మేకులే చెప్తాయి. నీ చోటు వెతకక్కర్లేదు. తిరిగే ముందు మూడు చిన్న అడుగులు వేస్తావు, దర్జీ కుట్టు వేసినట్టు. ఆ మూడు అడుగుల తర్వాత ఏమీ ఉండదు. ఆరేళ్ళు నీ చోట నాకు పూడ్చే పనే లేకుండా చేశావు. అంటే నీ కాళ్ళు నేల మీద నిలవవని ఈ మాట నీ మొహం మీద ఎప్పుడూ అనలేదు.

టీవీల్లో మీ క్లబ్బు ఆటలు ఇక్కడ రావట. అంచేత ఫోటోలే నాకు దిక్కు.

మీ మావయ్య

అక్టోబరు 14

మావయ్యా,

వేలు మందం, అంతే. రోజూ కొలుస్తారు, ఇనప స్కేలుతో. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని కొలవడం నా కళ్ళతో చూశాను. నువ్వే అనుకున్నాను ఒక్క క్షణం.

ఏడు ఆటలు ఆడాను. నాలుగు గెలిచాం, రెండు సమం, ఒకటి ఓడాం. ఓడిన ఆట ఫోటోలు నాలుగు ఇందులో పెడుతున్నాను. ఆ ఆట గురించి ఏమీ రాయను. నువ్వే చెప్పు చూద్దాం.

జనం ముప్పై వేలమంది వస్తారు. పాట ఎత్తుకుంటే కాళ్ళ కింద నేల అదురుతుంది, నిజంగా. ఆ శబ్దం నీకు కూడా వినపడేది.

నీ అల్లుడు

నవంబరు 2

ఒరే అల్లుడూ,

పరీక్ష పెడతావా నాకు?

రెండో ఫోటోలో గోలు ముందున్న బాక్సు మూల దగ్గర మడమ గుర్తు లోతుగా దిగింది. అది వెనక్కి వేసిన అడుగు. నీ మూడు కుట్లు అక్కడ లేవు. అంటే బంతిని చూశావు, మనిషిని చూడలేదు. వాడు నీ కుడిపక్కనుంచి దాటిపోయాడు. గోలు అక్కడే పడింది. తప్పయితే ఒప్పుకోనక్కర్లేదు, నిజమైతే రాయి.

ఫోటోలు క్లబ్బు ఆఫీసు గోడకి అంటించాను. అబ్బ, ఏం గడ్డిరా అది. ఒక్క పిలక కూడా వరస తప్పలేదు. సెక్రటరీ గారు వచ్చి "ఆట ఫోటోలు కదా, ఆటగాళ్ళేరీ?" అన్నారు. జాలేసింది ఆయన మీద.

మీ మావయ్య

డిసెంబరు 19

మావయ్యా,

నిజమే. బంతినే చూశాను, వాడు కుడిపక్కనుంచే వెళ్ళాడు. నీ ఉత్తరం చదివి నోరు వెళ్ళబెట్టి మంచం మీద కూర్చుండిపోయాను. ఆ గోలుని మా కోచ్ వీడియోలో పదిసార్లు తిప్పి చూసి చెప్పింది అదే మాట.

ఇక్కడ మంచు. పనులెక్కువ. మొన్నటి ఆట తర్వాత తీసిన ఫోటోలు మూడు పంపుతున్నాను. మా గోలుకి ఎడమపక్క, నేను నిలబడే చోటే.

ఎక్కువ రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకు.

నీ అల్లుడు

జనవరి 8

ఒరే అల్లుడూ,

ముందు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు ఫోటోల్లో నాలుగు గాట్లు. ఒక్కోటి నిలువెత్తు మనిషి పొడుగు. నా దగ్గర పెరిగినవాడు అంత మంచి గడ్డిని అలా చీరేస్తాడా అని ఫోటోలు బల్ల మీద పారేశాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడోరోజు విత్తనాలు చూసుకునే భూతద్దం తీసుకుని మళ్ళీ కూర్చున్నాను. అప్పుడు అసలు సంగతి కనబడింది.

జారిన ప్రతిసారీ ఎడమకాలితోనే మొదలుపెట్టావు. కుడి బూటువి వేళ్ళ దగ్గర మేకులే దిగాయి, మడమ ఎక్కడా ఆనలేదు. ఎగిరి దిగిన చోట ఎడమ మడమ గుంట లోతుగా ఉంది, కుడిది అసలు లేదు. కుడికాలి మీద తిరిగిన గుర్తు మూడు ఫోటోలు కలిపి ఒక్కటంటే ఒక్కటి లేదు. నువ్వు ధైర్యంగా జారుతున్నావని అక్కడి జనం చప్పట్లు కొడుతుంటారు. నీ మూడు కుట్లు కూడా లేవు, తిరగలేక జారుతున్నావు. కుడి మోకాలురా. ఎన్నాళ్ళనుంచి దాస్తున్నావు?

ముప్పై ఏళ్ళలో ఇలాంటి నడక ఇద్దరివి చూశాను. ఇద్దరూ ఆడుతూ ఆడుతూ ఒకరోజు కూలిపోయారు. ఒకడు ఇప్పుడు చేతికర్రతో టికెట్లు చింపుతున్నాడు. నీకు దండం పెడతాను, డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఈ ఉత్తరం చేతిలో పెట్టుకునే వెళ్ళు.

తప్పు నాదేనేమో. నాలుగు పిలకల గడ్డికోసం నీకు జారడం చేతకాకుండా చేశాను. చేతకాని పని చేయబోయి మోకాలు పోగొట్టుకున్నావేమో. ఆ ఆలోచన నన్ను తినేస్తోంది.

మీ అమ్మకి చెప్పొద్దని మీ అత్తయ్యతో రహస్యంగా అన్నాను. నా రహస్యం సంగతి తెలుసుగా, నా గొంతు నాకే వినపడదు. పక్కింటి డ్రైవరు కిటికీలోంచి "ఏ మోకాలు?" అని అడిగాడు. పొద్దెక్కేసరికి మీ అమ్మ వచ్చి ఏడ్చి వెళ్ళింది. మోకాలి పట్టీలు రెండు, నూనె సీసా ఒకటి పార్శిల్లో వస్తున్నాయి.

వెంటనే రాయి.

మీ మావయ్య

ఫిబ్రవరి 6

మావయ్యా,

నా మోకాలు బాగానే ఉంది. ముందు ఆ మాట అమ్మకి చెప్పి రా, తర్వాత మిగతాది చదువు.

ఆ ఫోటోల్లో ఉన్నది నేను కాదు. నవంబరు నుంచి నేను ఆడటం లేదు. బెంచీ మీద కూర్చుంటున్నాను. "నువ్వు ఒంటికి మట్టి అంటనివ్వవు, నీలో పోరాటం కనిపించడం లేదు" అన్నాడు కోచ్. నా చోట కొత్తవాణ్ణి పెట్టాడు. మేమంతా పొడుగాడు అంటాం, తలుపుల దగ్గర వంగి నడుస్తాడు. వాడు జారితే ముప్పై వేలమంది లేచి నిలబడతారు. నీకు చెప్పడానికి మొహం చెల్లక, ఆట అయ్యాక వాడు నిలబడిన చోటు ఫోటో తీసి నాదని పంపాను. నీతో అబద్ధమాడటం ఇదే మొదలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండు నెలలుగా వాడి పక్క బల్ల దగ్గరే బట్టలు మార్చుకుంటున్నాను. వాడు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడని అప్పుడు గుర్తొచ్చింది. నా కళ్ళెదుట ఉన్నది నాకు కనబడలేదు. సముద్రాల అవతల భూతద్దంతో కూర్చున్న నీకు కనబడింది.

ఇప్పుడు రాయబోయేది చదివి నన్ను తిట్టు. నీ ఉత్తరం వచ్చింది జనవరి ఇరవై మూడున. నేను వాడికి చెప్పింది ఫిబ్రవరి మూడున. పదకొండు రోజులు సంచిలో పెట్టుకుని తిరిగాను. మే నెలతో నా ఒప్పందం అయిపోతుంది. ఆడకపోతే నన్ను ఉంచరు. వాడు కూలిపోతే నా చోటు నాకు వస్తుంది, నేను చేయవలసింది నోరు మూసుకోవడం ఒక్కటే. ఆ మధ్యలో రెండు ఆటలు జరిగాయి. బెంచీ మీద కూర్చుని వాడి కుడికాలినే చూశాను. రెండో ఆటలో వాడు పడి లేవడానికి ఆలస్యమైతే నాలో ఏదో లేచి నిలబడింది, మావయ్యా. సంతోషం. దాన్ని చూసి నాకే అసహ్యం వేసింది.

మర్నాడు వాణ్ణి బట్టలు ఆరేసే గదిలోకి తీసుకెళ్ళి ఫోటోలు చూపించాను, నీ ఉత్తరం వాడి భాషలో చదివి వినిపించాను. మొదట నా కాలర్ పట్టుకున్నాడు. "నా చోటు కోసం కథలల్లుతున్నావా?" అన్నాడు. నేను ఫోటోలో కుడి బూటు గుర్తు మీద వేలు పెట్టాను. కాలర్ వదిలేశాడు. బల్ల మీద కూర్చుని, "మా అమ్మకి కూడా చెప్పలేదు. ఈయనెవరు?" అన్నాడు. నవంబరు నుంచి మాత్రలు మింగి ఆడుతున్నాడట.

డాక్టరు స్కాన్ తీశాడు. లోపలి నరం దారప్పోగంత మిగిలిందట, ఇంకో ఆటో రెండు ఆటలో అంతే. ఇప్పుడు బాగుచేస్తే ఏడాదిలో మళ్ళీ ఆడొచ్చట. డాక్టరు నీ ఫోటోలు తన తెర పక్కన పెట్టుకుని మార్చి మార్చి చూశాడు. మీ మావయ్య ఏ ఆస్పత్రిలో చేస్తారని అడిగాడు. గడ్డి కోస్తారని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

పట్టీలూ నూనే అందాయి. పొడుగాడికి ఇచ్చాను. నూనె వాసన గురించి వాడు అన్నమాట అమ్మకి చెప్పకు.

నీ అల్లుడు

ఫిబ్రవరి 25

ఒరే,

అబద్ధమాడినందుకు రెండు రోజులు నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. మూడోరోజు నిన్ను కాదు, ఆ పొడుగాణ్ణి తలుచుకుని కూర్చున్నాను. నొప్పిని అంతమందిలో అంతకాలం దాచుకున్నాడు, దాచలేని చోటు గడ్డి ఒక్కటే. ఎవరి కొడుకో. నేను వాణ్ణి నువ్వనుకుని ఏడ్చాను. ఆ ఏడుపు వృథా పోలేదు.

పదకొండు రోజులూ తప్పే. నేను కాదనను, నువ్వూ మరిచిపోకు. పన్నెండోరోజు వెళ్ళావు, అదీ నిజమే. నీ చోటు వస్తుందో రాదో తెలియకుండా వెళ్ళావా, వస్తుందని తెలిసి వెళ్ళావా అని మీ అత్తయ్య అడిగింది. వాణ్ణి ఆపితే ఆ చోటు నీదేగా అంటుంది. నిజమే, ఏమీ మాట్లాడకపోయినా ఆ చోటు నీదయ్యేది. వాడి మోకాలే మిగిలేది కాదు. ఇది దానికి అరిచి చెప్పాను, అది చెవులు మూసుకుంది.

నేను చేసిన ఘనకార్యం కూడా విను. నీ మోకాలు పోయింది నా వల్లేనన్న దిగులుతో, తూర్పు గోలు పక్కన ఒక పట్టీ గడ్డి వదిలేసి, సాధన చేసే పిల్లలందర్నీ పిలిచి "జారండర్రా" అన్నాను. నమ్మలేదు వాళ్ళు. నాకు జ్వరం వచ్చిందని సెక్రటరీ గారికి చెప్పారు. తర్వాత నమ్మారు. ఇప్పుడు అక్కడ గడ్డి లేదు, దున్నిన పొలం ఉంది. ఇదంతా నీ ఫోటోల పుణ్యం.

ఇక మీదట నీ చోటు నువ్వే తీసి పంపు.

మీ మావయ్య

మే 20

మావయ్యా,

మార్చి నుంచి చివరిదాకా పదకొండు ఆటలు ఆడాను. నిన్నటిది ఆఖరిది. గెలిస్తే పై విభాగానికి వెళ్తాం, ఓడితే లేదు. వాళ్ళ ఫార్వర్డు ఈ ఏడాది ఇరవై ఆరు గోలులు వేసినవాడు. తొంభై నిమిషాలు వాడికీ గోలుకీ మధ్యన ఉన్నాను. వాడు ఎటు తిరగబోతున్నాడో వాడి నడుము చూస్తే తెలిసిపోతోంది. నాకే భయం వేసింది, ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తోందని. ఒకటి సున్నా, గెలిచాం.

అందరూ ఎగురుతుంటే నేను ఫోటో తీసుకోవడానికి వెళ్ళాను. గ్రౌండు పెద్దాయన బకెట్టుతో అప్పటికే అక్కడున్నాడు. నా చోటంతా తిరిగాడు. మూడు చిన్న గుర్తులు, అక్కడో మూడు, ఇక్కడో మూడు. పూడ్చడానికేం లేదు. ఖాళీ బకెట్టు పక్కన పెట్టి, "ఇక్కడ ఎవరూ ఆడలేదా?" అని అడిగాడు. నేను ఆడానన్నాను. నేర్పిందెవరన్నాడు. నీ గురించి చెప్పాను. టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు, మావయ్యా. తర్వాత తన గదికి తీసుకెళ్ళి ఒక పొట్లం ఇచ్చాడు. ఆ గ్రౌండు విత్తనం. నీకిమ్మన్నాడు.

కోచ్ ఉండమన్నాడు. రెండేళ్ళ ఒప్పందం బల్ల మీద పెట్టాడు. పొడుగాడు కర్రలు లేకుండా నడుస్తున్నాడు, వచ్చే ఏడు వాడి చోట వాడు ఆడాలి. నేను తిరిగి వస్తున్నానని మన క్లబ్బుకి రాసేశాను. దయతలిచి చేసిన పని అనుకోకు. నీ గడ్డి మీద ఆడాలని ఉంది.

పొట్లం తెస్తున్నాను.

నీ అల్లుడు

సెప్టెంబరు 9

ఒరే అల్లుడూ,

ఆట కాగానే జట్టు బస్సెక్కి పక్క ఊరి ఆటకి పోయావు. నాతో మాట్లాడటానికి ఆగలేదు. ఆగినా అరవాల్సి వచ్చేది, కాబట్టి రాస్తున్నాను. బస దగ్గర అందుతుందని సెక్రటరీ గారు చెప్పారు.

నిన్న నేను పంపు గదిలో కూర్చోలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి గీత పక్కన కుర్చీ వేసుకుని ఆట చూశాను. ఒరే, ఆటంటే అదన్నమాట. మర్నాడు నేను బకెట్టుతో చదువుకునేది ఎంత కొంచెమో నిన్న తెలిసింది. మూడు చిన్న అడుగులు గడ్డి మీద చూశాను గానీ, ఆ మూడు అడుగులు వేసేటప్పుడు నీ మొహం ఎప్పుడూ చూడలేదు. మీ అమ్మ మొహం అది, చిన్నప్పుడు దారం సూదిలోకి ఎక్కించేటప్పటి మొహం.

ఆఖరి నిమిషంలో వాళ్ళవాడు నిన్ను కాదు, నీ పక్కవాణ్ణి దాటాడు. గోలు కాపరి ముందుకొచ్చేశాడు. గోలు ఖాళీ. నువ్వు అందుకోలేనంత దూరంలో ఉన్నావు. నిలబడి ఆపే దారి లేదని నాకు కూడా తెలిసింది. అప్పుడు పడ్డావు. పచ్చగడ్డి మీద నిలువెత్తు పొడుగున జారి వెళ్ళి, గీత మీద బంతిని తోసేశావు. నాకు ప్రాణం పోయింది. కుడి మోకాలనే చూశాను. లేచావు. జనం గోల చేస్తున్నారని వాళ్ళ నోళ్ళు చూస్తే తెలిసింది. నువ్వు బంతి వైపు చూడలేదు, జనం వైపు చూడలేదు. వెనక్కి తిరిగి గాటు వైపు చూశావు. లేచిన గడ్డి పెళ్ళని బూటుతో గబగబా లోపలికి తొక్కావు, పన్నెండేళ్ళ వెధవలా. నేను కుర్చీలో కూర్చుని అందరి ముందూ ఏడ్చేశాను.

ఇవాళ తెల్లారి మట్టి, ఇసుక, నీళ్ళు తీసుకుని వెళ్ళాను. నువ్వు తెచ్చిన విత్తనం పొట్లం కూడా తీసుకెళ్ళాను. గాటు పక్కన కూర్చున్నాను. ఎడమ మడమ, కుడి మడమ, రెండూ సమానంగా దిగాయి. పొట్లం విప్పలేదు. బకెట్టు తీసుకుని వెనక్కొచ్చేశాను.

ఆదివారం ఇంకో ఆట ఉంది. సెక్రటరీ గారు గాటు దగ్గర నిలబడి, దీన్నెందుకు పూడ్చలేదని నాలుగుసార్లు అరిచారు.

నాకు వినపడలేదు.

మీ మావయ్య